అడగకూడని కొలతలు

మే 29, సోమవారం

ఈ పుస్తకం మా ఆయన పెనియాసిది. రగ్బీ కుర్రాళ్ళ హాజరు వేసుకునేవాడు. మొదటి నాలుగు పేజీల్లో పేర్లు, వాటి పక్కన టిక్కులు ఉన్నాయి. అయిదో పేజీ నుంచి నాది.

ఆయన పోయిన పద్దెనిమిది రోజులకి ఇవాళ బట్టల ఫ్యాక్టరీలో పనిలోకి వెళ్ళాను, నల్లబట్టల్లోనే. నూరో రాత్రి దాటేదాకా ఇవే. గేటు దగ్గర ఆడవాళ్ళందరూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. ముక్కు తుడుచుకుని లోపలికి వెళ్తే మా కోత బల్ల లేదు. దాని చోట పడవంత పొడుగు మిషనొకటి ఉంది. నేను లేని రోజులు చూసుకుని తెచ్చారు. దాని పక్కన పాత బల్లలో ఓ ముక్క మిగిల్చారు, ఇద్దరం ఎదురెదురుగా నిలబడటానికి సరిపోయేంత.

"లారీలోంచి దించిన రోజు యాంగోనా వేరుపొడి నీళ్ళలో కలిపి, కొబ్బరిచిప్పలో పోసి, మర్యాదగా స్వాగతం చెప్పాం," అంది వదిన. "అందరం చప్పట్లు కొట్టాం. అది కొట్టలేదు. పెంపకం లేదు దీనికి."

ఉనాయిసి వదిన నా మొగుడి అక్క. కానీ నాకు ఆవిడ ముందు బల్ల అవతలి మనిషి. ఇరవై ఆరేళ్ళుగా గుడ్డ తానుకి ఆ చివర ఆవిడ పట్టుకుంటే ఈ చివర నేను పట్టుకుంటున్నాను.

మిషనులో కత్తెర ఎక్కడా కనబడదు. గాలి పీల్చి గుడ్డని కదలకుండా బల్లకి అతికించుకుంటుంది, ఆ తర్వాత వేలెడు కత్తి దిగి పరిగెడుతుంది. ఆ పీల్చిన గాలి ఎక్కడికి పోతుంది? అడగాలి.

మధ్యాహ్నం మా ఓనరు హస్ముఖ్ భాయ్ గదిలోకి పిలిచాడు. ముందు పెనియాసి గురించి రెండు మంచి మాటలు చెప్పాడు. తర్వాత అసలు సంగతి.

"ఆస్ట్రేలియా వాళ్ళు ఇప్పుడు కోతకి కొలత అట్టలు పంపట్లేదు మెరె. కంప్యూటర్లో ఫైలు పంపుతున్నారు. పొద్దున ఫైలొస్తే సాయంత్రానికి కోత అయిపోవాలంటారు. కాదంటే ఆ ఆర్డరు ఇంకో దేశానికి పోద్ది. మనదెంత దేశం చెప్పు, ఓ ఆర్డరు పోతే ఓ వీధి ఖాళీ అయిపోద్ది."

"మరి మేం?"

"కోతకిక ఒక్క మనిషి చాలు. ఆగస్టు ఆఖరు దాకా ఇద్దరూ ఉండండి. ఆ తర్వాత ఎవరుండాలో మీలో మీరే తేల్చుకోండి. ఒక కుటుంబం వాళ్ళు కదా."

వదినకి రేపు చెప్తాను.

మే 30

చెప్పలేదు. ఇవాళ వాన.

జూన్ 2

హస్ముఖ్ భాయ్ కోడలు బినీత ఆక్లండ్‌లో ఈ చదువే చదివి వచ్చింది. మిషను పని ఆవిడే నేర్పుతోంది. ముందు మా అట్టలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలట. కొక్కేలకి మూడువందల పన్నెండు అట్టలు. ఒక్కొక్కటీ తెల్ల పలక మీద పెట్టి ఫొటో తీస్తే తెర మీద దాని అంచు గీతగా లేచి వస్తుంది. బడి చొక్కా కాలరు అలా లేచి రావడం నాలుగుసార్లు చూశాను, మళ్ళీ తియ్యమని చెప్పి.

ఓ అట్ట చంక దగ్గర పెన్సిలు గుర్తు చూసి బినీత ఆగింది.

"ఇదేంటి ఆంటీ?"

"అక్కడ రెండు వేళ్ళు వదలాలి."

"ఎవరి వేళ్ళు?"

ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. వదిన వేళ్ళే మరి, ఇంకెవరివి. వదిన చెయ్యి బల్ల మీద పెట్టించి కొలిచాం. ముప్ఫై ఏడు మిల్లీమీటర్లు.

"నా వేళ్ళు అందులోకి పోయాయి," అంది వదిన చెయ్యి దులుపుకుంటూ. "ఇక కసావా దుంప కూడా దాన్నే చెక్కు తియ్యమను."

గాలి సంగతి అడిగాను. వెనక గొట్టం ఉందట, బయట మామిడిచెట్టు వైపు వదులుతుందట. వెళ్ళి చెయ్యి పెట్టి చూశాను. వేడిగా, దూది వాసనతో వస్తోంది.

జూన్ 9, శుక్రవారం

ఎలుక పట్టుకోవడం వచ్చింది. అది పట్టుకుని లాగితే తెర మీద ముక్క కదులుతుంది. ముక్కలన్నీ ఇచ్చి గుడ్డ వెడల్పు చెప్తే అదే అమర్చుకుంటుంది. ఒకటి తిప్పి చూస్తుంది, పనికిరాదనుకుంటే పక్కన పెడుతుంది, ఇంకొకటి దూరుస్తుంది. సరిగ్గా మేం చేసేదే చేస్తోంది. కాకపోతే మేం అరపూట తీసుకునేవాళ్ళం, మధ్యలో టీ తాగేవాళ్ళం. ఎందుకలా తిప్పిందో కొన్నిసార్లు నాకు తెలుస్తుంది, కొన్నిసార్లు తెలియదు. తెలియనప్పుడు ఇంకా బాగుంటుంది.

చక్కెర మిల్లు కూత వినబడితే తలెత్తాను. నాలుగైంది. రెండు గంటల సేపు పెనియాసి గుర్తుకు రాలేదు. ఒళ్ళంతా సిగ్గేసింది.

వదిన కోసమే నేర్చుకుంటున్నాను. ఒకరికి వస్తే రెండోవాళ్ళకి నేర్పొచ్చు కదా.

సోమవారం చెప్తాను.

జూన్ 14

వదిన కళ్ళజోడు మర్చిపోయి వచ్చింది. ఇలాంటి రోజు చెప్పకూడదు.

జూన్ 27

కరెంటు పోతే మిషను ఎక్కడ ఆపిందో గుర్తు పెట్టుకుంటుందా అని బినీతని అడిగాను. పెట్టుకుంటుందట. ఎక్కడ పెట్టుకుంటుంది? ఆవిడ తెర కింద పెట్టె చూపించింది. పెట్టె తడిస్తే? ఇంకోచోట కూడా ఉంటుందట, సముద్రం అవతల. నా మూడువందల పన్నెండు అట్టలు సముద్రం అవతల. నేనెప్పుడూ ఈ వీటి లేవు దీవి దాటలేదు.

టీ వేళ వదిన రొట్టె తుంపి నాకు పెద్ద ముక్క ఇచ్చింది. తనది పక్కన పెట్టి, "ఏంటి మరదలా, తెల్లారిందగ్గర్నుంచీ దాన్నే చూస్తున్నావ్. కొత్త పెళ్ళికొడుకుని చూసినట్టు," అంది.

అని ఆగిపోయింది. నా నల్లబట్టలు చూసింది, తన నల్లబట్టలు చూసుకుంది. అప్పుడు మిషను లోపల్నించి కీచుమని ఓ చప్పుడు వచ్చింది, మొగుడు గొంతు సవరించుకున్నట్టే. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ ఏడ్చాం. కుట్టు మిషన్ల దగ్గరివాళ్ళు లేచి వచ్చి చూసి వెళ్ళారు.

అంత నవ్విన రోజు ఎలా చెప్పను?

జూలై 12

నూరో రాత్రి ఆగస్టు పద్దెనిమిదికి వస్తుంది. మర్నాడు శనివారం నల్లబట్టలు విప్పి అందరం ఒకే గుడ్డతో కుట్టిన కొత్తబట్టలు కట్టాలి. పసుపు మీద గోధుమరంగు పూలున్న తాను ఎంచారు పెద్దవాళ్ళు. మగవాళ్ళు నలభై ఆరుగురు, ఆడవాళ్ళు యాభై ఒక్కరు, పిల్లలు వేరే.

ఇదివరకు ఇలాంటి కలవాతా బట్టలు ఎన్ని కోశామో లెక్కలేదు. వదిన ఓ ఆదివారం చర్చి మెట్ల మీద కూర్చుని లోపలికి పోయేవాళ్ళని చూసేది. సోమవారం వచ్చి కొలతలు చెప్పేది, నేను కోసేదాన్ని. టేపు ముట్టుకునేది కాదు. ఒక్క చొక్కా కూడా తిరిగి రాలేదు.

ఈసారి కోత మిషను మీదే చేయిస్తానన్నాడు హస్ముఖ్ భాయ్, పెనియాసి పేరు మీద. బినీత ఫోనులో ఓ ఫారం తయారు చేసింది. పేరు పక్కన కొలత వేస్తే చాలు, తిన్నగా మిషనులోకి వస్తుంది. ఊళ్ళో అందరి కొలతలూ పెనియాసి బాబాయి కూతురు వాసిటి నింపుతానంది, సిగ్నలు వాళ్ళింటి దగ్గరే బాగుంటుంది కాబట్టి.

"వాసిటా నింపేది?" అంది వదిన.

"అవును."

"మగాళ్ళవి కూడా వాసిటే నింపుద్దా?"

"ఫోనులోనే వదినా, నొక్కితే అయిపోతుంది," అన్నాను. తెర మీద గౌను చెయ్యి తిప్పుతున్నాను అప్పుడు.

"సరే," అంది.

జూలై 30

ఇంకా చెప్పలేదు. నూరో రాత్రి పనులు పెట్టుకుని మధ్యలో ఈ కబురెందుకు. అవి అయ్యాక నిదానంగా చెప్తాను. తొందరేముంది.

తొందర ఉంది. ఇంకో నెలే ఉంది.

ఆగస్టు 7, సోమవారం

ఫారం నిండి వచ్చింది. ఆడవాళ్ళ కొలతలు ఎంత వివరంగా ఉన్నాయంటే, ఒకావిడ ఎడమ చెయ్యి లావని కూడా రాయించింది. మగవాళ్ళ వరసంతా పైనుంచి కిందదాకా మీడియమే.

నలభై ఆరుగురూ మీడియమా అని ఒక్క క్షణం అనిపించింది. మిషనుకి అనిపించలేదు. పచ్చదీపం వెలిగించి ముక్కలు అమర్చేసింది. అన్నీ ఒకే కొలత కావడంతో ఒకదానిలో ఒకటి ఎంత చక్కగా ఒదిగాయో, తానులో పద్నాలుగు మీటర్లు మిగిలింది. ఇరవై ఆరేళ్ళలో నేనెప్పుడూ అంత మిగల్చలేదు. ఆ తెర ఫొటో తీసుకున్నాను.

వదిన పేరు మాత్రం అందులో లేదు, తను పట్నంలోనే ఉంటుంది కదా. నేనే చేర్చి వేశాను, ఛాతీ నలభై ఆరు అంగుళాలు. అది నాకు నోటికొచ్చు, పక్కకి తిరిగి అడగక్కర్లేదు.

ఆగస్టు 8

నలభై నిమిషాల్లో మొత్తం కోసేసింది. నేను చప్పట్లు కొట్టాను. వదిన కొట్టలేదు.

ఆగస్టు 14, సోమవారం

కుట్టినవాటిలో మొదటి చొక్కా తొడిగి చూడ్డానికి ఇలైతియా వచ్చాడు. పెనియాసికి పెదనాన్న కొడుకు, మిల్లులో మూటలు మోస్తాడు. తల దూరింది, చేతులు దూరాయి. భుజాల దగ్గర చొక్కా ఆగిపోయింది. చేతులు పైకెత్తి, పోలీసులు పట్టుకున్నవాడిలా నిలబడ్డాడు.

"మరదలా," అన్నాడు చొక్కా లోపల్నించి, "ఇది నాకా, నా కొడుక్కా?"

"నీ కొడుక్కి కూడా పట్టదు బావా, వాడూ నీ తిండే తింటున్నాడు," అన్నాను. ఇద్దరం లాగితే గాని ఊడి రాలేదు.

నలభై ఆరూ అంతే. శనివారానికి ఇంకా అయిదు రోజులే. అంగట్లో ఆ రంగు తాను అయిపోయింది.

వాసిటికి ఫోను చేశాను.

"నేనెలా అడుగుతా వదినా?" అంది. దాదాపు ఏడుస్తోంది. "వాళ్ళందరూ నాకు అన్నదమ్ములు. నడుమెంత, ఛాతీ ఎంత అని అన్నల్ని అడిగే చెల్లెలుంటుందా? వాళ్ళతో మాట్లాడేదే లేదు కదా. ఖాళీగా వదిలేద్దామంటే ఫోను ముందుకి పోనివ్వలా. పెద్దదని వేస్తే లావన్నట్టు, చిన్నదని వేస్తే తీసిపారేసినట్టు. మధ్యది వేశా."

నాకు తెలియని ఆచారమా ఇది? ఆ ఇంటి కోడల్ని, వాళ్ళందరూ నాకు బావలూ మరుదులూ. వాళ్ళని ఏదైనా అడగొచ్చు, ఎంత ఆటైనా పట్టించొచ్చు. నలభై ఆరు ఫోన్లు చేస్తే సరిపోయేది. నేను పచ్చదీపం చూసి ఊరుకున్నాను. వదిన రెండుసార్లు అడిగిందన్న సంగతి కూడా ఇప్పుడే గుర్తొచ్చింది.

వదిన స్టూలు లాక్కుని మిషను పక్కన కూర్చుంది.

"మిగిలిన గుడ్డ ఎంత?"

"పద్నాలుగు మీటర్లు."

"చంక కింద నుంచి అంచుదాకా రెండు పక్కలా పట్టీ వేద్దాం. పూలు కలిసిపోతాయి, ఎవరికీ కనబడదు. కొట్టు మరదలా. ఇలైతియా, కుడి అయిదు, ఎడమ అయిదున్నర. ఎడమ పక్కటెముకలు విరిగాయి వాడికి, అటు ఒరుగుతాడు."

కళ్ళు మూసుకుని చెప్తూ పోయింది. ఎవరు ఊపిరి పీల్చి నిలబడతారో, ఎవరు పొట్ట దాస్తారో, ఎవరు పోయిన క్రిస్మస్ నుంచి లావెక్కారో అన్నీ చెప్పింది. నేను కొడుతూ పోయాను. తొంభై రెండు పట్టీలు, ఏ రెండు మనుషులవీ ఒక్కలా లేవు. మిషనుకి అదేం లెక్క కాదు, ఒకే రకం కోసినంత సులువుగా కోసింది. మా చేతులతో అయితే వారం పట్టేది. చివరికి జానెడు గుడ్డ మిగిలింది.

బినీత నోరు తెరుచుకుని చూస్తోంది. "ఇవన్నీ ఎలా తెలుసు ఆంటీ మీకు?"

"పన్నెండో ఏట నుంచి వాళ్ళతో మాట్లాడకూడదన్నారమ్మా. అడక్కూడదు కదా, అందుకని చూస్తూ కూర్చున్నా," అంది వదిన.

అందరూ వెళ్ళాక చెప్పేశాను. ఇద్దరిలో ఒక్కరికే పని, నాకు మే నెల నుంచి తెలుసు, చెప్పలేకపోయాను అని.

"తెలుసు," అంది. "నీకన్నా ముందు నన్నే పిలిచాడు భాయ్. నువ్వింకా ఏడుపు చాప మీద నుంచి లేవలేదు అప్పటికి. మరదల్నే ఉంచండి, ఈ వంద రోజులూ దానికి చూడ్డానికేదో ఒకటి కావాలి అని నేనే చెప్పా."

"మరి రోజూ నా మొహం చూసి నవ్వుకున్నావా?"

"ఇవాళ చెప్పుద్ది, రేపు చెప్పుద్ది అని చూశా. నీ దగ్గర వంకలు బాగా ఉన్నాయే."

కోపం వచ్చింది నాకు. ఎవరి మీదో ఇప్పటికీ తేలలేదు.

ఆగస్టు 19, శనివారం

ముసలమ్మలు నా నల్లబట్టలు విప్పి పసుపు గౌను తొడిగారు. తలకి కొబ్బరినూనె రాశారు. బయట చాపల మీద నలభై ఆరుగురు మగవాళ్ళు ఒక్క గుడ్డలో, ఒక్క చొక్కా పట్టేసింది లేదు. ఇలైతియా నన్ను చూసి చేతులు పైకెత్తి నిలబడ్డాడు. అందరూ నవ్వారు.

అప్పుడు వదిన బయటికి వచ్చింది.

గౌను ఆవిడ మీద వేలాడుతోంది. భుజం కుట్టు మోచేతి వైపు జారిపోయింది. ఇంతమంది మగవాళ్ళకి చాలకుండా పోయిన మిషను కోత ఆవిడొక్కదానికే ఎక్కువైంది. నేను వేసిన నలభై ఆరు.

నల్లబట్టలు వదులుగా ఉంటాయి, తెలియదు అని రాసుకోబోయాను. అబద్ధం. రోజూ పాత బల్లకి ఆ చివరే నిలబడింది. నేను తెర చూస్తున్నాను. వంద రోజులూ ఊరంతా కూరలు వండి నాకే పెట్టారు, నా చెయ్యే పట్టుకున్నారు. మాట్లాడని అక్కకి తమ్ముడు పోతే ఏం పోయిందని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. జూన్‌లో రొట్టె తుంపి నాకు పెట్టి తన ముక్క పక్కన పెట్టింది. ఈ పుస్తకంలో నేనే రాశాను. రాసి కూడా చూడలేదు.

భోజనాలప్పుడు పక్కన కూర్చున్నాను. ఆవిడే మొదలుపెట్టింది.

"మార్చిలో చర్చికి వచ్చాడు నా తమ్ముడు. నడుం మూడంగుళాలు తగ్గాడు. చూశా. చక్కెర జబ్బు దాస్తున్నాడని తెలుస్తానే ఉంది. వాణ్ణి అడక్కూడదు. నీకు రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకున్నా."

ఎప్పుడూ 'మీ ఆయన' అనేది. తమ్ముడు అనడం ఇదే మొదటిసారి విన్నాను. నాకేం కోపం రాలేదు. రేపు చెప్దామనుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఆగస్టు 21, సోమవారం

పొద్దున్నే హస్ముఖ్ భాయ్ గదికి వెళ్ళి, ఒక్క మనిషి పనే కానీ ఇద్దరం చేస్తాం అన్నాను. మూడు రోజులు నేను, మంగళ గురువారాలు వదిన. ఆ రెండు రోజులూ ఫారాలు ఆవిడ చూశాకే మిషనుకి వెళ్తాయి. ఆయన కోడలి వైపు చూశాడు. బినీత వెంటనే ఊ అంది.

వదిన ఒప్పుకోదని తెలుసు. అందుకని ఎదురుగా కూర్చుని కెరెకెరె అన్నాను. ఆ మాట అన్నాక చుట్టాలు కాదనడానికి లేదు. నా పెళ్ళికి ఇచ్చిన చాపని ఆవిడ ఇలాగే అడిగి పట్టుకుపోయింది.

"వదినా, కెరెకెరె. నీ వారంలో రెండు రోజులు నాకివ్వు."

"ముసల్దాన్ని మోసం చేస్తున్నావ్," అంది.

"ఇంకోటుంది. లే, చేతులెత్తు."

టేపుతో కొలిచాను. నలభై రెండు.

మేమేం అన్నాచెల్లెళ్ళం కాదు. నేను అడగొచ్చు. అడిగాను. ఎప్పట్నుంచి తినట్లేదని అడిగాను, ఎక్కడైనా నొప్పి ఉందా అని, ఆసుపత్రికి వెళ్ళావా అని, ఒక్కదానివే కూర్చుంటున్నావా అని. ఒక్కొక్కదానికీ జవాబొచ్చేదాకా టేపు వదల్లేదు. నొప్పేం లేదట. ఒక్కదానికోసం పొయ్యి వెలిగించబుద్ధి కావడం లేదట. ఈ సాయంత్రం నుంచి పొయ్యి మా ఇంట్లోనే. బుధవారం ఇద్దరం ఆసుపత్రికి.

ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంటే నేను తెర దగ్గరికి వెళ్ళి వదిన పేరు తీశాను. నలభై ఆరు చెరిపి నలభై రెండు కొట్టాను. మార్పు దాచి ఉంచుకోమంటావా అని అడిగింది మిషను.

వద్దని నొక్కాను. గౌను అలాగే ఉంటుంది, వదినే మళ్ళీ దానికి సరిపోతుంది.